కత్తెర పట్టే చెయ్యి

ముందు గదికి లోపల్నుంచి గడియ పడి ముప్పావు గంట దాటింది.

ఆ ఇంటి ఆడపడుచు అరచేత్తో తలుపు బాదింది. "అమ్మా! పదకొండింటికి ఆపరేషన్ పెట్టుకుని ఇదేం పంతమే? పదింటికల్లా అక్కడుండమన్నారు. వింటున్నావా?"

మాట రాలేదు. కత్తెర చప్పుడు వచ్చింది. మందపాటి గుడ్డ మీద, బల్లకి ఆనించి, ఒక్క ఊపున నడిచే పెద్ద కత్తెర. కర్‌ర్‌ర్... ఆగి, మళ్ళీ కర్‌ర్‌ర్.

"వింటోందిరా. వింటూనే కోస్తోంది" అంది ఆడపడుచు తమ్ముడితో.

తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పదో అంతస్తులో తీగకి వేలాడమంటే వేలాడతాడు గానీ, అమ్మకీ అక్కకీ మధ్య నిలబడమంటే మోకాళ్ళు కొట్టుకుంటాయి. "గడియ విప్పేద్దామా అక్కా? స్క్రూలు బయటివైపే ఉన్నాయి" అన్నాడు.

"విప్పి? భుజాన వేసుకుని మోసుకెళ్తావా?"

అతను స్క్రూడ్రైవరు జేబులో పెట్టేసుకున్నాడు.

వంటింటి గుమ్మంలో పాపని చంకనేసుకుని కోడలు, ఆ తమ్ముడి భార్య, నిలబడి ఉంది. ఇంట్లో అందరికీ ఆమె పిచ్చుక. కాపరానికొచ్చిన కొత్తలో గిన్నె మూత పడినా ఉలిక్కిపడుతుంటే అత్తగారు పెట్టిన పేరది. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మాన్పించారు. ఇప్పుడు ఇరవై మూడేళ్ళు. పాప తుమ్మితే జ్వరమనుకుంటుంది, పాప నిద్రపోతే ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు కింద వేలు పెట్టి చూస్తుంది.

లోపల గడియ పెట్టుకున్నావిడ మాస్టరమ్మ. ముప్పై ఏళ్ళుగా ఆ ముందు గదే ఆవిడ టైలరింగ్ షాపు. మూడు నెలల కిందట నడుం నొప్పి అని వెళ్తే, ఎముకల లోపలి మజ్జలో కేన్సరని తేలింది. ఆ జబ్బు ఒంట్లోకి వదిలే చెడ్డ ప్రోటీను జిగురులా పోయి రెండు కిడ్నీల్లోనూ అడ్డం పడింది. కేన్సర్‌కి మందు ఒకవైపు, కిడ్నీల బదులు మిషను ఒకవైపు. వారానికి మూడు రోజులు డయాలసిస్. మెడ పక్కన పెట్టిన గొట్టానికి పోయిన నెల చీము పట్టి, చలిజ్వరంతో మనిషి చేతికందకుండా పోబోయింది. ఆ గొట్టం మార్చి ఇంకోటి పెట్టారు. అయినా మెడలో గొట్టం ఎప్పటికీ ప్రమాదమే, చేతిలో నరాలు కలిపి శాశ్వతంగా దారి చేసేద్దాం అన్నాడు కిడ్నీ డాక్టరు.

కుడిచేతి నరాలు కేన్సర్ సూదులకే చితికిపోయాయి. అందుకని ఎడమ చెయ్యి.

"ఎడమ చెయ్యేగా అమ్మా!" తలుపుకి నోరు ఆనించి అంది ఆడపడుచు. "అన్నం తినే చెయ్యి కాదు, సంతకం పెట్టే చెయ్యి కాదు!"

కత్తెర ఆగింది.

"నీకు అన్నం పెట్టిన చెయ్యి" అంది లోపలి గొంతు.



ఆస్పత్రిలో ఎవరికీ తెలియని సంగతి అది. మాస్టరమ్మ కుడిచేత్తో తింటుంది, కుడిచేత్తో రాస్తుంది. చిన్నప్పుడు కొట్టి కొట్టి అలవాటు చేశారు. కత్తెర దగ్గరికి వచ్చేసరికి కొట్టేవాళ్ళెవరూ లేరు గనక అది ఎడమచేతిలోనే ఉండిపోయింది. ఆపరేషన్ అయిన చేత్తో బరువు పనీ, గంటల తరబడి బిగించి పట్టే పనీ చెయ్యకూడదని డాక్టరు చెప్పినప్పుడు ఆవిడ తలూపి ఊరుకుంది. ఇవాళ పొద్దున్న గడియ పెట్టుకుంది.

"కత్తెర ముఖ్యమా, ప్రాణం ముఖ్యమా?" ఆడపడుచు మళ్ళీ తలుపు బాదింది. "ఆ జ్వరంలో నీ పళ్ళు టకటకా కొట్టుకోవడం నా చెవుల్లో ఇంకా మోగుతోందే. మళ్ళీ ఆ గొట్టానికి చీము పడితే నిన్ను ఎక్కడ వెతుక్కోనే నేను?"

కర్‌ర్‌ర్.

పిచ్చుక పాపని ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుంది. నాలుగు రోజులుగా గొంతులో ఒక మాట ముల్లులా ఉంది. మింగుడుపడదు, కక్కలేదు.

"వదినా... ఒక్క మాట."

"ఏంటి? ఫ్లాస్కులో వేడినీళ్ళు పోశావా?"

"పోశాను. అది కాదు. అత్తయ్యగారికి... కిడ్నీలు మళ్ళీ పనిచేస్తున్నాయేమో అని."

ఆడపడుచు హైస్కూల్లో సైన్సు టీచరు. నెమ్మదిగా తిరిగింది. పరీక్షలో చూసి రాస్తున్న పిల్లని పట్టుకున్నప్పుడు అలాగే తిరుగుతుంది కాబోలు.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. కార్డు మీద ఉంది." పిచ్చుక కొంగు చాటునుంచి డయాలసిస్ కార్డు తీసింది. అంచులు నలిగి మెత్తబడ్డ కార్డు. "మిషను ఎక్కేముందు బరువు, దిగాక బరువు రాస్తారు కదా. మొదట్లో ఎక్కేటప్పుడు యాభై నాలుగున్నర, దిగాక యాభై రెండు. అంటే మధ్యలో రెండున్నర కిలోల నీళ్ళు ఒంట్లో నిలిచిపోయేవి. తర్వాత రెండైంది. ఒకటిన్నరైంది. మొన్న శనివారం అరకిలో కూడా లేదు."

"అమ్మ తాగడం తగ్గించింది. అంతే."

"గ్లాసు నింపి ఇచ్చేది నేనే వదినా. తగ్గలేదు. పైగా కస్టమర్లతో టీ."

"అదెక్కడి టీ?" అన్నాడు భర్త.

"మీరుండండీ. మరి తాగిన నీళ్ళు ఎటు పోతున్నాయి? జాకెట్టు కొలతలు తీసుకుంటూ తీసుకుంటూ, టేపు మెళ్ళోనే ఉండగా బాత్రూముకి లేచి వెళ్తున్నారు. నిన్న పొద్దున్నించి మధ్యాహ్నం దాకా నాలుగుసార్లు."

"లెక్కపెట్టావా?"

"పాపవి లెక్కపెట్టే అలవాటు."

ఆడపడుచు నవ్వింది. నవ్వులో సరదా లేదు. "పిచ్చుకా, పదిహేనేళ్ళుగా పిల్లలకి చెబుతున్నాను. కిడ్నీ బొమ్మ కళ్ళు మూసుకుని గీస్తాను. ఒకసారి చెడితే మళ్ళీ అంత తేలిగ్గా లేవవు. యూరిన్ పెరిగితే డయాలసిస్‌లో నర్సుకి తెలీదా? ప్రతిసారీ అడుగుతుంది, ప్రతిసారీ అమ్మ చెబుతుంది. ఎనిమిదో తరగతి డాక్టరమ్మ ఒకతె కొత్తగా చెప్పాలా?"

పిచ్చుక చెవులు ఎర్రబడ్డాయి. అలవాటు ప్రకారం వంటింట్లోకి పోవాలి. కాళ్ళు కూడా అటే తిరిగాయి. మళ్ళీ ఏమనుకుందో, పాపని భర్త చేతుల్లో పడేసి, తలుపు దగ్గరికి వచ్చి కింద కూర్చుంది.

"మీరిద్దరూ కాస్త వీధిలోకి వెళ్ళండి" అంది.

వెళ్ళమన్నది పిచ్చుకేనా అని అక్కాతమ్ముళ్ళు మొహాలు చూసుకున్నారు. ఆ ఆశ్చర్యంలోనే వెళ్ళారు.

"అత్తయ్యా, నేనొక్కదాన్నే ఉన్నాను. నర్సుకి ఏం చెబుతున్నారు?"

కత్తెర బల్ల మీద పెట్టిన చప్పుడు.

"ఏం చెప్పడం?"

"ఒంటేలు ఎంత వస్తోందని అడిగినప్పుడు."

తలుపు అవతల, సరిగ్గా తన తల ఎత్తులో, గొంతు వినిపించింది. ఆవిడ కూడా కిందే కూర్చున్నట్టుంది.

"ఆ హాల్లో ఎనిమిది మంచాలే. ఆరు మంచాల్లో మగాళ్ళు. ఆ పిల్ల గుమ్మం దగ్గర నిలబడి 'మాస్టరమ్మా, ఒంటేలు ఎంత?' అని ఊరంతా వినేట్టు అరుస్తుంది. ఏం చెప్పను? చేతులు బారచాపి చూపించనా? 'ఆఁ, ఎప్పట్లాగే' అంటాను."

"ఎప్పట్లాగేనా మరి?"



"కాదు."

"ఎన్నాళ్ళుగా?"

"మూడు వారాలైంది. మొదట్లో గ్లాసు కూడా ఉండేది కాదు. ఇప్పుడు..." గొంతు గుసగుసైంది. "ఇప్పుడు బాగానే అవుతోందే."

పిచ్చుక నుదురు తలుపుకి ఆనించింది. వీధిలో ఏ ఆడది వచ్చినా టేపు బిగించి "ఛాతీ ముప్పై ఎనిమిది! నడుం నలభై, కిందటేడాది కంటే మూడు పెరిగింది!" అని ఎదురింటి మేడ దాకా వినిపించేలా చెప్పే మనిషి. ఎంతమందిని సిగ్గుతో చంపిందో. తన కొలత తాను చెప్పలేక చెయ్యి పోగొట్టుకోబోతోంది.

"అత్తయ్యా, ఈ మాట డాక్టరుతో చెప్తారా?"

"నువ్వు చెప్పు."

"నేను చెబితే ఎవరు నమ్ముతారు? గడియ తీయండి. ఆపరేషన్‌కి కాదు, మాట చెప్పడానికి వెళ్దాం."

గడియ పడినంత గట్టిగానే లేచింది.

కిడ్నీ డాక్టరు పొట్టి మనిషి, మాట ఇంకా పొట్టి. ఆస్పత్రిలో ఆయన గది నిండా జనం. ఇద్దరు మెడికల్ స్టూడెంట్లు, ఫైళ్ళు మోసే అతను, తలుపు తెరిచే ఉండటంతో బయట బెంచీ మీద వంతు కోసం కూర్చున్న పదిమంది.

"ఆలస్యమైంది. థియేటరుకి పంపండి" అన్నాడు తలెత్తకుండా.

"సార్, మా మరదలికి ఏదో అనుమానమట" అంది ఆడపడుచు. అనుమానం అన్న మాటని రెండు వేళ్ళతో తోక పట్టుకుని ఎత్తినట్టు పలికింది.

పిచ్చుక కార్డు ముందుకు చాపింది. నోరు తెరిచింది. దారంతా అనుకుంటూ వచ్చిన మాటల్లో ఒక్కటీ రాలేదు.

డాక్టరు కార్డు తీసుకుని ఒకసారి చూశాడు. కళ్ళజోడు పైకి తోసుకుని ఇంకోసారి చూశాడు. "రక్తం?"

"ఈ నెల మిషను నడిచాక తీశారు సార్, ఆపరేషన్ హడావిడిలో" అన్నాడు ఒక స్టూడెంటు. "అందుకే రక్తంలో మురికి తక్కువ వచ్చిందనుకున్నాం."

"ఊఁ." మాస్టరమ్మ వైపు తిరిగాడు. "యూరిన్ ఎంత వస్తోంది?"

గదిలో ఉన్నవాళ్ళందరూ ఆవిడ వైపే చూశారు. బయట బెంచీ కూడా మెడ సాచింది. మాస్టరమ్మ పెదవులు బిగుసుకున్నాయి. ఆవిడ కళ్ళు ఫైళ్ళు మోసే అతని మీదికీ, గోడ మీదికీ, అక్కణ్ణుంచి ఖాళీ చెయ్యి ఇంకా చాచే నిలబడ్డ పిచ్చుక మీదికీ వెళ్ళాయి.

"ఎప్పట్లాగే అనే చెబుతోంది సార్" అని ఆడపడుచు అందుకోబోయింది.

"నువ్వుండవే!" అంది మాస్టరమ్మ. షాపు గొంతు. ఆస్పత్రిలో ఇంతవరకూ ఎవరూ వినని గొంతు. "గ్లాసుల్లో అడక్కండి డాక్టరుగారూ, చెంబుల్లో అడగండి! పొద్దున్న ఒకటి, మధ్యాహ్నానికి ఇంకోటి, పడుకునేలోగా మరోటి. మూడు వారాల నుంచి! సిగ్గేసి చెప్పలేదు. ఇప్పుడు ఆ సిగ్గు కూడా లేదు, రాసుకోండి!"

బయట బెంచీ మీద ఎవరో "భేష్" అన్నారు.

డాక్టరు నవ్వలేదు. కుర్చీలో వెనక్కి వాలాడు. "నీళ్ళు రావడం వేరు, మురికి రావడం వేరు. ఇరవై నాలుగు గంటల ఒంటేలు పట్టి పరీక్ష చెయ్యాలి. మురికి కూడా వస్తుంటే మాట్లాడదాం. లేకపోతే గురువారం ఆపరేషన్. మళ్ళీ గడియలు వేసుకోకూడదు."

"ఆ సంగతి మీకెవరు చెప్పారు?" అంది మాస్టరమ్మ.

"మీ అబ్బాయి ఫోన్ చేశాడు, ఆలస్యమవుతుందని."

అందరూ మెకానిక్కు వైపు చూశారు. అతను సీలింగు ఫ్యాను బాగుందో లేదో పరిశీలిస్తున్నాడు.

ఇంటికొచ్చేదారిలో ఆడపడుచు ఆస్పత్రివాళ్ళిచ్చిన డబ్బాని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గుమ్మంలో దిగాక, పిచ్చుక చేతికి ఆ మూడు లీటర్ల ఖాళీ డబ్బా అందిస్తూ నెమ్మదిగా అంది. "నీ మాట నిజమైతే నాకంటే సంతోషించేవాళ్ళు ఉండరు. కానీ ఈ మూడ్రోజుల్లో ఆ గొట్టానికి ఏదైనా అయిందనుకో, నా మొహం చూడకు."

అరిచి ఉంటే బాగుండేది. అరుపుకి పిచ్చుక అలవాటుపడింది. ఈ నెమ్మదికి కాదు.

మర్నాడు పొద్దున్న ఏడింటికి మొదలు. లేచాక మొదటిసారి వచ్చింది పారబొయ్యాలి, ఆ తర్వాత ప్రతి చుక్కా డబ్బాలోకే, మర్నాడు ఏడింటికి వచ్చేదాంతో సరి. ఒక్కసారి మర్చిపోయినా పరీక్ష తప్పుతుంది.

డబ్బా చూడగానే మాస్టరమ్మ మొహం ముడుచుకుంది. "పాల డబ్బాలా తెల్లగా, లోపలున్నది కనిపిస్తూ. షాపులోంచి బాత్రూముకి నలుగురి ముందు ఇది పట్టుకుని ఊరేగనా?"

పిచ్చుక మిగిలిపోయిన లైనింగు ముక్క తీసుకుని గంటలో డబ్బాకి గౌను కుట్టింది. మెడ దగ్గర దారం, నడుం దగ్గర కుచ్చులు.

మాస్టరమ్మ దాన్ని ఎత్తి అటూ ఇటూ తిప్పింది. "కుచ్చులన్నీ ఒకపక్కకే పోయాయి."

"తొందర్లో కుట్టాను అత్తయ్యా."

"తొందర్లో కుట్టినదానికి బాగానే ఉందిలే." ఆరేళ్ళలో ఆ నోటినుంచి వచ్చిన మొదటి మెప్పు. పిచ్చుక దాన్ని పట్టుకుని నిలబడిపోయింది, పాప ఏడుస్తున్నా వినకుండా.

సాయంత్రం నాలుగింటికి ముందు గది నిండిపోయింది. ఏదో హోటల్ వాళ్ళ యూనిఫారాలు, పన్నెండు మంది ఆడవాళ్ళు వరసగా కొలతలకి. మాస్టరమ్మ మెడలో టేపుతో హుషారుగా ఉంది. వంటింట్లో పాపకి తినిపిస్తున్న పిచ్చుకకి బాత్రూము తలుపు పడిన చప్పుడు వినిపించింది. చూస్తే డబ్బా, దాని కుచ్చుల గౌనుతో సహా, గోడవారన అలాగే ఉంది.

ఆమెకి పన్నెండు మంది కనిపించలేదు. గురువారం కనిపించింది.

"అత్తయ్యా! ఆగండి! డబ్బా! డబ్బా!" అని గావుకేక పెట్టి, డబ్బా చంకన పెట్టుకుని, షాపు మధ్యనుంచి, ఇద్దరు కస్టమర్లని గుద్దుకుంటూ పరుగెత్తింది. తలుపు సందులోంచి చెయ్యి వచ్చి డబ్బా లాక్కుంది.

పన్నెండు తలలూ బాత్రూము వైపు తిరిగాయి.

కాసేపటికి మాస్టరమ్మ బయటికొచ్చింది. డబ్బాని అందరి ముందూ ఎత్తి పట్టుకుంది. "ఏం చూస్తున్నారు? ఇది నా కిడ్నీల పరీక్ష. అర దాటింది. నెక్స్ట్ ఎవరే? రా, చేతులెత్తు!"

గురువారం డాక్టరు గదిలో ఫ్యాను శబ్దం తప్ప ఏమీ లేదు. ఆయన కాగితం చూశాడు, దాని వెనక ఇంకో కాగితం చూశాడు. ఆడపడుచు కుర్చీ అంచున కూర్చుంది. పిచ్చుకకి కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోవడం చేతకాలేదు.

"మామూలు మనిషి కిడ్నీల పని నూరనుకోండి" అన్నాడు. "మిషను మొదలుపెట్టినప్పుడు మీ అమ్మగారిది మూడు. పది దాటితే మిషను ఆపి చూద్దామనుకున్నాను."

"ఎంతొచ్చింది సార్?" అంది ఆడపడుచు.

"పదహారు."

పదహారు అంత పెద్ద అంకె అని పిచ్చుకకి ఎప్పుడూ తెలియదు.

"కేన్సర్ మందు పనిచేస్తోంది. ఆ చెడ్డ ప్రోటీను తగ్గేకొద్దీ కిడ్నీల్లో అడ్డం తొలగింది. అందరికీ ఇలా జరగదు." ఆయన ఆపరేషన్ కాగితం మీద అడ్డంగా ఒక గీత గీశాడు. "రెండు వారాలు మిషను లేదు. రెండురోజులకోసారి రక్తం. అందులో మురికి అంకె దిగుతుంటే గొట్టం తీసేస్తాను. ఎక్కితే మళ్ళీ మొదటికి. నొప్పి మాత్రలు ఒక్కటి కూడా వద్దు. ఆ కార్డు ఎవరు చూశారన్నారు?"

ఆడపడుచు లేచి నిలబడింది. "మా మరదలు సార్" అంది.

ఈసారి ఆ మాటని రెండు చేతులతో ఎత్తింది.

ఆ రెండు వారాలూ ఇంట్లో ఎవరూ గట్టిగా తుమ్మలేదు. రెండురోజులకోసారి రక్తపు ల్యాబు కిటికీ దగ్గర నిలబడేది పిచ్చుకే. మొదటి కాగితం మీద నాలుగు. డాక్టరు చెప్పాడు, మామూలుగా ఒకటి ఉండాలట. రెండో కాగితం మీదా నాలుగే. ఆ రోజు ఆమె అన్నం ముందు కూర్చుని వేళ్ళతో మెతుకులు పక్కకి జరుపుతూనే ఉంది. మూడోసారి మూడు పాయింటు ఆరు. కాగితాన్ని తలకిందులుగా పట్టుకున్నానేమోనని రెండుసార్లు తిప్పి చూసుకుంది. తర్వాత మూడు పాయింటు ఒకటి. ఆ తర్వాత రెండు పాయింటు ఎనిమిది.

రెండు పాయింటు ఎనిమిది వచ్చిన సాయంత్రం ఆడపడుచు బడి నుంచి తిన్నగా వచ్చి, వంటింట్లో పీట లాక్కుని కూర్చుంది. పిచ్చుక టీ ఇచ్చింది. సగం తాగి గ్లాసు కింద పెట్టింది.

"ఆ కార్డు నేనూ చూశాను పిచ్చుకా. ప్రతి వారం చూశాను. ఎక్కేటప్పటి బరువు, దిగేటప్పటి బరువు. ఒకటి పక్కన ఒకటి పెట్టి చూడాలని తట్టలేదు."

"మీకు భయం వదినా. అందుకే."

"నీకు లేదూ?"

"నాకెప్పుడూ భయమే. కొత్తగా వచ్చిందేముంది?"

ఆడపడుచుకి పొలమారింది. నవ్వుతో పొలమారడం ఆ ఇంట్లో చాలా రోజులకి అదే.

గొట్టం తీసిన రోజు డయాలసిస్ హాలు మీదుగా బయటికి రావాలి. మెడ మీద చిన్న కట్టుతో మాస్టరమ్మ ఎనిమిది మంచాల మధ్యనుంచి నడిచింది. అంత అరిచే నర్సు వచ్చి ఆవిడ చేతులు పట్టుకుంది. కిటికీ పక్క మంచం మీద రిటైరైన బస్సు కండక్టరు, నాలుగేళ్ళుగా మిషను మీదున్న మనిషి, దుప్పట్లోంచి తల ఎత్తాడు.

"ఏమ్మా, దిగిపోతున్నావా?"

"దిగిపోతున్నానయ్యా."

"మళ్ళీ ఈ బస్సెక్కావంటే ఊరుకోను" అన్నాడు. "పో, పో. వెనక్కి చూడకు."

మాస్టరమ్మ వెనక్కి చూసింది. "నీ చొక్కా భుజం జారింది. ఆదివారం మీ ఆవిడతో పంపు, సరిచేసి పెడతాను" అంది. బయటికొచ్చేదాకా కళ్ళు తుడుచుకోలేదు.

ఇంటికి వచ్చీ రాగానే షాపు తలుపులు రెండూ బార్లా తెరిచింది. హోటల్ యూనిఫారాల గుడ్డ ఆరు పొరలుగా బల్ల మీద పరిచింది. పిచ్చుక, మెకానిక్కు, ఆడపడుచు గుమ్మంలో నిలబడి చూశారు. మళ్ళీ ఆపరేషన్ అవసరమైతేనని నర్సు ప్రతిసారీ ఎడమచేతి మీద పెన్నుతో రాసిన "ఈ చేతికి సూది గుచ్చరాదు" అన్న అక్షరాలు ఇంకా పూర్తిగా పోలేదు. ఆ చెయ్యి కత్తెర అందుకుంది. ఒక్క క్షణం బరువు చూసుకుంది. ఆరు పొరలూ వెన్నలా విడిపోయాయి.

"చూశారా" అంది మాస్టరమ్మ. ఎవరితో అన్నదో చెప్పలేదు.

అప్పుడే ఫోన్ మోగింది. ఆడపడుచు స్పీకరు నొక్కింది. కేన్సర్ డాక్టరమ్మ.

"కిడ్నీ డాక్టరు చెప్పారు, చాలా సంతోషం. ఇక నేను ఆగక్కర్లేదు. ఇన్నాళ్ళూ కిడ్నీల కోసం సగం మోతాదే ఇచ్చాను. ఇప్పుడు పూర్తి మోతాదు ఇవ్వొచ్చు. జబ్బుని గట్టి దెబ్బ కొట్టే అవకాశం ఇదే. కాకపోతే..." ఆవిడ కాస్త ఆగింది. "ఆ దెబ్బ ఇప్పుడే లేచిన కిడ్నీల మీద కూడా పడొచ్చు. సోమవారం మొదలుపెట్టాలి. ఏమంటారు?"

"ఇవ్వండి డాక్టర్" అంది ఆడపడుచు.

"వద్దండీ!" అన్నాడు తమ్ముడు, అదే క్షణంలో. "ఈ రోజేగా గొట్టం తీశారు!"

"జబ్బు మిగిలితే కిడ్నీలు మళ్ళీ మూసుకుపోతాయిరా!"

"మందుకే మూసుకుపోతే?"

"నీకేం తెలుసని?"

"నీకు తెలుసా?"

మాస్టరమ్మ కత్తెర బల్ల మీద పెట్టింది. చప్పుడుకి ఇద్దరూ ఆగారు.

"మీరిద్దరూ నోళ్ళు ముయ్యండి. పిచ్చుకా, నువ్వేమంటావు?"

ఆరేళ్ళుగా ఆ ఇంట్లో ఏమడిగినా పిచ్చుక చెప్పే జవాబు ఒక్కటే: మీ ఇష్టం అత్తయ్యా. అది నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె పాపని భర్తకి అందించి, బల్ల దగ్గరికి వచ్చి, ఫోన్ మీదికి వంగింది.

"డాక్టరమ్మగారూ, నేను కోడల్ని. నాకు పెద్దగా చదువు లేదు, తప్పుగా అడిగితే ఏమనుకోకండి. మందు పెంచితే మా అత్తయ్యగారు మళ్ళీ మిషనెక్కే ప్రమాదం నూటికి ఎంత? పెంచకపోతే జబ్బు తిరగబెట్టే ప్రమాదం నూటికి ఎంత? రెండూ చెప్పండి. పక్కపక్కన రాసుకుని చూస్తాం."

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"ఇన్నాళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ ఇలా అడగలేదమ్మా" అంది డాక్టరమ్మ. "రాసుకో."

మాస్టరమ్మ సుద్దముక్క తోసింది. కాగితం వెతికే ఓపిక లేక పిచ్చుక కోసిన గుడ్డ మీదే చెయ్యి ఆనించింది.

డాక్టరమ్మ మొదటి అంకె, మళ్ళీ మిషనెక్కే ప్రమాదానిది, చెప్పింది.

అది విని ఆడపడుచు కుర్చీ కోసం వెనక్కి తడుముకుంది. మెకానిక్కు పాపని గుండెకి అదుముకున్నాడు. మాస్టరమ్మ కదల్లేదు, కోడలి చేతినే చూస్తోంది.

పిచ్చుక ఆ అంకెని గుడ్డ మీద పెద్దగా, తిన్నగా రాసింది. దాని పక్కన నిలువుగా ఒక గీత గీసింది.

"రెండోది చెప్పండి" అంది.